ఎస్ సైజు కోసం ఎనిమిది వారాలు: గ్రావెల్ బైక్ ఫిట్టింగ్‌లో నా అనుభవం

నా ఎత్తు 163 సెంటీమీటర్లు, అంటే అయిదడుగుల నాలుగంగుళాలు. మా ఇంట్లో ఆడవాళ్ళ మధ్య నిలబడితే నేను పొడుగు కిందే లెక్క. సైకిల్ షాపులో మాత్రం నా సైజు ఎప్పుడూ స్టాకులో ఉండదు. 2025 జనవరిలో మొదలుపెట్టిన ఈ వ్యవహారం ఒక కొలిక్కి వచ్చేసరికి జూలై అయింది. మా రైడింగ్ గ్రూపులో నా ఎత్తే ఉన్న అమ్మాయిలు కొందరు ఇప్పుడు గ్రావెల్ బైక్ (మట్టిదారుల మీద కూడా తొక్కగలిగే వంపు హ్యాండిల్ సైకిల్) కొంటామని నన్ను అడుగుతున్నారు. అందరికీ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు, జరిగింది జరిగినట్టు ఒకచోట రాస్తున్నాను.

హైబ్రిడ్ సైకిల్ మీద చాలా ఏళ్ళు తిరిగాను. హైదరాబాద్ పక్కన గండిపేట, చిలుకూరు, శంకర్‌పల్లి వైపు పొద్దున్నే వెళ్ళి ఎండ ఎక్కేలోపు ఇంటికి వచ్చేదాన్ని. చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల కింద తొక్కుతుంటే ప్రాణం లేచొచ్చేది కానీ, వెనక నుంచి లారీ హారన్ వినపడగానే భుజాలు బిగుసుకుపోయేవి. ఆ రోడ్డుకి అటూ ఇటూ ఊళ్ళలోకి, చెరువు గట్ల మీదకి వెళ్ళే మట్టిదారులు బోలెడు ఉన్నాయి. వాటి మీద తొక్కాలని కోరిక. అందుకే వంపు హ్యాండిల్, 40 మిల్లీమీటర్ల టైర్లు ఉన్న గ్రావెల్ బైక్ వైపు మనసు పోయింది.

షాపుకి వెళ్ళే ముందు ఇంట్లోనే కొలతలు తీసుకున్నాను. ఎత్తు కంటే ముఖ్యమైంది కాలి లోపలి కొలత. చెప్పుల్లేకుండా గోడకి ఆనుకుని, పాదాల మధ్య జానెడు ఎడం పెట్టి నిలబడాలి. గట్టి అట్ట ఉన్న లావు పుస్తకాన్ని కాళ్ళ మధ్య పెట్టుకుని, సీటు మీద కూర్చుంటే ఎంత ఒత్తుకుంటుందో అంత గట్టిగా పైకి లాగాలి. పుస్తకం పై అంచు దగ్గర మా అబ్బాయి గోడ మీద పెన్సిల్ గీత గీశాడు. మొదట సిగ్గుపడి మెల్లగా లాగితే 74 వచ్చింది. గట్టిగా లాగితే 76. ఆ రెండు సెంటీమీటర్ల తేడాతో సీటు ఎత్తు, సైజు అన్నీ మారిపోతాయి కాబట్టి మొహమాటపడకుండా కొలవండి. భుజాల వెడల్పు కూడా తీయించాను. రెండు భుజాల పైన వేలికి తగిలే ఎముక నుంచి ఎముకకి 37 సెంటీమీటర్లు.

సంక్రాంతి వెళ్ళిన వారం, జనవరి 18 శనివారం, మొదటి షాపుకి వెళ్ళాను. నాకు నచ్చిన మోడల్‌లో ఎమ్ ఒక్కటే ఉంది. అక్కడి అబ్బాయి నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, "మేడమ్, మీ హైట్‌కి ఎమ్ పర్ఫెక్ట్. సీటు కొంచెం దించి, ముందుకి జరిపితే సరిపోతుంది" అన్నాడు. నా కొలతల చీటీ చేతిలోనే ఉంది, ఆ చీటీ వంక కూడా చూడలేదు. కొత్త బండి కాబట్టి రోడ్డు మీదకి ఇవ్వం అన్నారు. కింద సెల్లార్‌లో కార్ల మధ్య రెండు చుట్లు తిరగనిచ్చారు. సీటు మీద నుంచి ముందుకి దిగి, బైక్‌కి అటో కాలు ఇటో కాలు వేసి రెండు పాదాలూ నేలకి ఆనించి నిలబడితే ఫ్రేమ్ పై గొట్టం నాకు గట్టిగా తగులుతోంది. చదును నేల మీదే ఇలా ఉంటే, గులకరాళ్ళ మీద చక్రం జారి ఉన్నట్టుండి దిగాల్సి వచ్చినప్పుడు ఏమవుతుంది? మట్టిదారి మీద తొక్కేవాళ్ళకి పై గొట్టానికీ ఒంటికీ మధ్య సందు కొంచెం ఎక్కువే కావాలి.

"ఆలోచించుకుని చెబుతాను" అని వచ్చేశాను. ఆ వారమంతా రాత్రిపూట కంపెనీల కొలతల పట్టికలు తిరగేయడమే పని. ఒక్కో కంపెనీ సైజుకి ఒక్కో పేరు. స్పెషలైజ్డ్ వాళ్ళు 49, 52, 54 అని అంకెలు పెడతారు. జెయింట్ వాళ్ళు ఎస్, ఎమ్, ఎమ్‌ఎల్ అంటారు. ఒక కంపెనీ ఎస్ ఇంకో కంపెనీ ఎస్‌తో సమానం కాదు. అందుకని సైజు పేరు పక్కనపెట్టి రెండే రెండు అంకెలు చూడటం మొదలుపెట్టాను: స్టాక్, రీచ్. పెడళ్ళని పట్టి ఉంచే చేతులు (క్రాంకులు) తిరిగే ఇరుసు మధ్య నుంచి, ఫ్రేమ్ ముందున్న నిలువు గొట్టం (హెడ్ ట్యూబ్) పై అంచు నిలువుగా ఎంత ఎత్తులో ఉందో అది స్టాక్. అదే చోటు నుంచి అడ్డంగా ఎంత ముందుకి ఉందో అది రీచ్. సీటు పైకీ కిందికీ, ముందుకీ వెనక్కీ జరుపుకోవచ్చు. ఈ రెండూ ఫ్రేమ్‌తోనే పుడతాయి, తర్వాత ఏం చేసినా మారవు.

నేను చూస్తున్న మోడల్‌లో ఎస్‌కి స్టాక్ 540, రీచ్ 376 మిల్లీమీటర్లు. ఎమ్‌కి 565, 388. రీచ్‌లో తేడా 12 మిల్లీమీటర్లే కదా, స్టెమ్ (హ్యాండిల్‌ని ఫోర్క్ గొట్టానికి కలిపే ముక్క) పొట్టిది వేస్తే పోతుంది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ చాలామంది అదే చెప్పారు. అయితే ఎమ్‌లో పై గొట్టం ఎత్తు, హ్యాండిల్ వెడల్పు, క్రాంక్ పొడవు అన్నీ పెద్దవే. పైగా గ్రావెల్ బైకులకి స్టెమ్ ముందే పొట్టిగా ఉంటుంది. దాన్ని ఇంకా పొట్టి చేస్తే హ్యాండిల్ తేలిగ్గా అటూ ఇటూ కొట్టుకుంటుంది, శరీరం బరువు వెనక్కి పోతుంది, వదులు మట్టి మీద ముందు చక్రానికి పట్టు తగ్గుతుంది. టైలర్ దగ్గరికెళ్ళి మన పొడుగు ఒక్కటే చెప్పి జాకెట్టు కుట్టమంటే ఎవరైనా కుడతారా? సైకిల్ షాపులో మాత్రం ఎత్తు ఒక్కటే అడిగి లక్ష రూపాయల వస్తువు చేతిలో పెడుతున్నారు. ఈ విషయంలో నాకు ఇప్పటికీ కోపమే.

లెక్కలు కాగితం మీద ఎంత బాగున్నా తొక్కి చూడందే నమ్మకం కుదరలేదు. మా గ్రూపులో ఒక అన్న దగ్గర ఇంకో కంపెనీ ఎమ్ ఉంది, దాని స్టాక్, రీచ్ నేను చూసిన ఎమ్‌కి చాలా దగ్గర. జనవరి చివర్లో ఒక ఆదివారం సీటు నా ఎత్తుకి దించి ఇచ్చారు. గండిపేట వెనక మట్టిదారిలో ముప్పావు గంట తొక్కాను. మొదటి పావుగంట హాయిగా ఉంది. తర్వాత మోచేతులు వంగకుండా కర్రల్లా బిగుసుకుపోయాయి. ప్రతి రాయి దెబ్బా నేరుగా మెడకి తగిలింది. దిగి చూసుకుంటే, నాకు తెలియకుండానే సీటు కొస మీదకి జరిగిపోయి తొక్కుతున్నాను. "అక్కా, నీకిది పెద్దగయితది, ఒద్దు" అని ఆయనే తేల్చేశాడు. పావుగంట సెల్లార్ రైడ్ చేసి నిర్ణయం తీసుకోకూడదని ఆ రోజు అర్థమైంది. ఎవరి దగ్గరైనా దగ్గర సైజు ఉంటే బతిమాలుకుని అయినా ఒక గంట మట్టి మీద తొక్కి చూడండి.

ఫిబ్రవరి 9 ఆదివారం నాడు ఇంకో షాపులో ఎస్ ఆర్డర్ పెట్టాను. బైక్ ధర రూ. 1,18,000. అడ్వాన్సు 20,000 కట్టాను. మూడు వారాల్లో వస్తుందన్నారు.

మూడు వారాలూ అయ్యాయి. "ఈ వారం పక్కా మేడమ్" అన్నారు. ఆ వారమూ అయింది. తర్వాత గోడౌన్ నుంచి కదిలిందన్నారు, కదిలింది వేరే రంగట అన్నారు. మార్చి మధ్యలో ఫోన్ చేసి, "ఎమ్ ఉంది మేడమ్, రేపే డెలివరీ ఇచ్చేస్తాం, అయిదు వేలు తగ్గిస్తాం" అన్నారు. నిజం చెప్పాలంటే ఆ రాత్రి నిద్రపట్టలేదు. చల్లటి పొద్దులన్నీ అయిపోతున్నాయి, ఎండలు ముదురుతున్నాయి. ఇంట్లో వాళ్ళు, "అంత పట్టింపెందుకు, సర్దుకోవచ్చుగా" అన్నారు. అన్న బండి మీద బిగుసుకుపోయిన మెడ గుర్తుంది కాబట్టి వద్దన్నాను. ఉగాది కూడా వెళ్ళిపోయాక, ఏప్రిల్ 5 శనివారం పొద్దున ఫోన్: "మీ ఎస్ వచ్చింది."

ఎదురుచూసిన ఆ ఎనిమిది వారాల్లో ఒక మంచి పని జరిగింది. షాపు వాళ్ళని వాట్సాప్‌లో వరసగా ప్రశ్నలు అడిగి జవాబులు రాతపూర్వకంగా తెచ్చుకున్నాను. హ్యాండిల్ వెడల్పు ఎంత? 42 సెంటీమీటర్లు. స్టెమ్ ఎంత? 80 మిల్లీమీటర్లు. క్రాంక్? 170. బ్రేకు గొట్టాలు స్టెమ్ లోపల నుంచి పోతాయా, కింద నుంచి పోతాయా? కింద నుంచి. ఈ చివరి ప్రశ్న ఎందుకంటే, మా గ్రూపులో ఒకరి బండికి గొట్టాలు హ్యాండిల్, స్టెమ్ లోపల నుంచే దూరి పోతాయి. ఆయన స్టెమ్ మార్చాలంటే బ్రేకు గొట్టాలు విప్పి, మళ్ళీ నూనె పట్టించి గాలి తీయాల్సి వచ్చింది. స్టెమ్ ధర కంటే కూలీ ఎక్కువైంది. బిగించేటప్పుడు స్టీరర్ ట్యూబ్ కోయవద్దని కూడా అప్పుడే చెప్పి పెట్టాను. అది ముందు చక్రం ఫోర్క్ నుంచి పైకి వచ్చే గొట్టం. కోస్తే హ్యాండిల్ ఎప్పటికీ అంతకంటే పైకి రాదు. చాలా షాపుల్లో చూడ్డానికి చక్కగా ఉంటుందని అడక్కుండానే కోసేస్తారు.

బండి తెచ్చుకున్న వారం ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఉన్న సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ మీదే తొక్కాను. 2023 అక్టోబర్‌లో తెరిచిన 23 కిలోమీటర్ల ట్రాక్ అది. నేల చదును, వాహనాల గొడవ లేదు, పైన నీడ. ఒక్కసారి ఒక్క మార్పు చేసి ఒంటికి ఎలా ఉందో గమనించడానికి అంతకంటే మంచి చోటు నాకు తెలియదు. పై గొట్టం తగలడం లేదు, మోచేతులు తేలిగ్గా వంగుతున్నాయి, మెడ హాయిగా ఉంది. ఎదురుచూసినందుకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

తర్వాతి ఆదివారం మట్టి మీదకి దిగాక అసలు సంగతులు బయటపడ్డాయి.

మొదటిది, షూ ముందు చక్రానికి తగలడం. చెరువు గట్టు మీద దారి సన్నగా ఉంది, వెనక్కి తిప్పుకుందామని మెల్లగా హ్యాండిల్ తిప్పాను. కుడి పెడల్ ముందుకి ఉంది. చక్రం వెనక అంచు తిరిగొచ్చి నా షూ కొసకి తగిలి ఆగిపోయింది. టైరు మీది రబ్బరు పళ్ళు షూ తోలుకి రాసుకున్న చప్పుడు స్పష్టంగా వినపడింది. ఎడం కాలు దించాను కాబట్టి పడలేదు, కానీ ఆ పక్కనే గట్టు కిందికి ఏటవాలు. గుండె ఝల్లుమంది. షాపుకి ఫోన్ చేస్తే చిన్న సైజుల్లో అందరికీ ఉంటుందన్నారు. అది నిజమే. ఫ్రేమ్ చిన్నదైనా చక్రం మాత్రం పెద్దదే, దాని మీద లావు టైరు. అందుకే కొన్ని కంపెనీలు చిన్న సైజులకి 650బి అనే చిన్న చక్రాలు పెడతాయి. వేగంగా పోయేటప్పుడు హ్యాండిల్ అంతగా తిప్పం కాబట్టి ఈ బాధ ఉండదు. నడక వేగంలో మలుపు తిరిగేటప్పుడే ఉంటుంది. కొనే ముందు ఎవ్వరూ ఈ మాట చెప్పరు. షాపులోనే బండి మీద కూర్చుని, పెడల్ ముందుకి పెట్టి, హ్యాండిల్ తిప్పి చూసుకోండి.

రెండోది, చేతులు. గంట దాటగానే రెండు చేతుల్లో చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కేవి. ఇంటికొచ్చాక సాయంత్రం దాకా దోశ పిండి కలపాలన్నా పట్టు ఉండేది కాదు. ఆ టెన్షన్ అంతా ఇంతా కాదు, చేతికి ఏమైనా అయిందేమో అనుకున్నాను.

మూడోది సీటు. దీని గురించి మనం ఎవ్వరితోనూ అనం, పంటి బిగువున ఓర్చుకుంటాం. కాళ్ళ మధ్య మెత్తటి భాగం అంతా మొద్దుబారి, తర్వాత మంట. మూత్రానికి వెళ్ళాలంటే భయం వేసేది. నా తోటి అమ్మాయిల్ని కదిపితే సగం మందికి ఇదే బాధ అని, సైకిల్ అంటే ఇలాగే ఉంటుంది కాబోలని ఊరుకున్నారని తెలిసింది. అలా ఊరుకోనక్కర్లేదు. మెత్త ఉన్న సైక్లింగ్ షార్ట్స్ లోపల ఇంకే లోదుస్తులూ వేసుకోకూడదు, ఆ కుట్లే ఒరుసుకుంటాయి. ఇది నాకు ఒక సీనియర్ రైడర్ అక్క చెప్పింది. మంటలో సగం దాంతోనే తగ్గింది.

మిగతా సగం సీటు వెడల్పుది. ముడతల పొర ఉన్న అట్టపెట్టె ముక్కని గట్టి పీట మీద పెట్టుకుని, ముందుకి వంగి కాసేపు కూర్చుని లేస్తే పిరుదుల కింది ఎముకల దగ్గర రెండు గుంటలు పడతాయి. ఆ గుంటల నడిమి నుంచి నడిమికి నాకు 124 మిల్లీమీటర్లు. దానికి కనీసం రెండు సెంటీమీటర్లు కలిపి సీటు వెడల్పు చూసుకోమంటారు. బండితో వచ్చిన సీటు వెడల్పు 142, ఎముకలు అంచుల మీదకి వస్తున్నాయి, బరువంతా మధ్యలో మెత్తటి చోట పడుతోంది.

ఇవన్నీ రాసుకుని బైక్ ఫిట్టింగ్ చేసే చోట, అంటే మన ఒంటికి తగ్గట్టు సైకిల్‌ని సర్దే చోట, అపాయింట్‌మెంట్ అడిగితే బండి వచ్చిన రెండు వారాలకి దొరికింది, ఏప్రిల్ 19 శనివారం. ఫీజు రూ. 6,500, అందులోనే నెల తర్వాత ఒకసారి మళ్ళీ చూస్తారు. ముందుగానే ఫోన్లో, అక్కడ ఆడవాళ్ళు ఎవరైనా ఉంటారా అని అడిగాను. లేరన్నారు, తోడు తెచ్చుకోమన్నారు. మా చెల్లిని తీసుకెళ్ళాను. బిగుతు బట్టలతో వెనక నుంచి వీడియో తీస్తారు, తుంటి దగ్గర స్టిక్కర్లు అంటిస్తారు కాబట్టి తోడు ఉంటే మనసు నిమ్మళంగా ఉంటుంది. ఆ ఫిట్టర్ అయితే ప్రతిసారీ, "మేడమ్, ఇక్కడ స్టిక్కర్ పెట్టాలి, మీరే పెడతారా?" అని అడిగాడు. అలా అడగడం నాకు చాలా నచ్చింది.

మూడు గంటలు పట్టింది. మొదటి ముప్పావు గంట సైకిల్ ఊసే లేదు. బల్ల మీద పడుకోబెట్టి మోకాలు వంచకుండా ఒక్కో కాలూ ఎంత పైకి లేస్తుందో చూశాడు. ఎడమ కాలు కుడిదాని కంటే తక్కువ లేచింది. పాదం వంపు చూశాడు, పాత నొప్పులు అడిగాడు, రెండు కాన్పులూ ఎలా జరిగాయని కూడా అడిగాడు. ఆపరేషన్ అని చెబితే, నడుం దగ్గర కండరాల బలం మీద దాని ప్రభావం ఉండొచ్చని, మొదటి రోజే హ్యాండిల్ బాగా కిందికి దించనని చెప్పాడు.

తర్వాత బండిని ట్రైనర్ (ఉన్నచోటే తొక్కనిచ్చే స్టాండు) మీద బిగించి నన్ను పావుగంట తొక్కించాడు. మడమ, మోకాలు, తుంటి, భుజం, మోచెయ్యి, మణికట్టు మీద స్టిక్కర్లు, పక్క నుంచి ఒక కెమెరా, వెనక నుంచి మా చెల్లి ఫోన్. వీడియో ఆపి చూపించేసరికి ఆశ్చర్యపోయాను. ప్రతి తొక్కుకీ నా తుంటి అటూ ఇటూ దిగుతోంది. సీటు ఎత్తు ఎక్కువైతే కాలు అందక అలా జరుగుతుందట. షాపు వాళ్ళు తుంటి పక్కన చెయ్యి పెట్టి అందాజుగా పెట్టిన ఎత్తు 69 సెంటీమీటర్లు. మూడుసార్లు టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన గ్రెగ్ లెమాండ్ పేరుతో ప్రచారమైన లెక్క ఒకటి ఉంది: కాలి లోపలి కొలతని 0.883తో గుణిస్తే క్రాంక్ ఇరుసు మధ్య నుంచి సీటు పైదాకా ఎత్తు వస్తుంది. నాకు 67.1. ఫిట్టర్ దాన్ని మొదటి అంచనాగా పెట్టి, పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మోకాలి వంపు 25 నుంచి 35 డిగ్రీల మధ్య పడేలా చూసుకుంటూ చివరికి 66.6 దగ్గర ఆపాడు. మట్టి మీద గతుకుల్లో సీటు మీద నుంచి లేస్తూ కూర్చుంటూ ఉంటాం కాబట్టి లెక్క కంటే కాస్త తక్కువే మంచిదన్నాడు. మళ్ళీ వీడియో తీస్తే తుంటి కదలకుండా నిలబడింది.

చేతుల తిమ్మిరికి కారణం సీటులోనే దొరకడం నన్ను ఇంకా ఆశ్చర్యపరిచింది. మధ్యలో ఒత్తిడి తగ్గుతుందని షాపులో సీటు కొసని బాగా కిందికి వంచి ఇచ్చారు. ఫోన్లో లెవెల్ చూసే యాప్ పెట్టి కొలిస్తే నాలుగు డిగ్రీలు. దాంతో నేను ముందుకి జారుతూ, జారకుండా చేతులతో నెట్టుకుంటూ తొక్కుతున్నాను. చిటికెన వేలికి, ఉంగరపు వేలికి పోయే నరం అరచెయ్యి అంచు కింద నుంచే వెళ్తుంది, బరువంతా దాని మీద. 155 వెడల్పు, మధ్యలో ఖాళీ ఉన్న సీటు వేసి, దాదాపు చదునుగా పెట్టాడు. నాలుగైదు సీట్లు మార్చి మార్చి కూర్చోబెట్టి, ఏది బాగుందో నన్నే చెప్పమన్నాడు. సీటు రూ. 4,200.

షాపులో చెప్పినట్టు హ్యాండిల్ అందడం కోసం సీటు ముందుకి జరపొచ్చా అని అడిగాను. జరపకూడదన్నాడు. పెడల్‌కీ మోకాలికీ తుంటికీ మధ్య లెక్క చూసి సీటు ఎక్కడుండాలో తేల్చాలి. అది తేలాక, హ్యాండిల్‌నే మన దగ్గరికి తెచ్చుకోవాలి. మేస్త్రీలు గోడ నిలువు చూసే గుండు లాంటిదే ఒకటి మోకాలి చిప్ప కింద నుంచి వేలాడదీసి, పెడల్ ఇరుసు మీదకి వస్తోందా లేదా చూశాడు. సీటు అరసెంటీమీటరు వెనక్కే జరిపాడు. స్టెమ్ 80 నుంచి 70కి మార్చాడు, రూ. 1,600. గొట్టాలు కింద నుంచి పోతున్నాయి కాబట్టి చిటికెలో అయిపోయింది.

హ్యాండిల్ 42 వెడల్పు నా భుజాలకి బాగా ఎక్కువ, 38 ఉంటే బాగుంటుందన్నాడు. కింది భాగం బయటికి విచ్చుకుని ఉండే గ్రావెల్ హ్యాండిల్ 38లో ఎంత వెతికినా దొరకలేదు. మే మొదటి వారంలో 40 దొరికింది, రూ. 3,200. హ్యాండిల్ మార్చితే పాత టేపు చిరిగిపోతుంది, కొత్త టేపుకి ఇంకో 900 అవుతుందని ముందు తెలియదు. బ్రేకు లివర్లు మాత్రం పైసా ఖర్చు లేకుండా దారిలోకి వచ్చాయి. నా వేళ్ళు పొట్టి, హ్యాండిల్ వంపు దిగువన పట్టుకుంటే లివర్ మీద కొసవేలు మాత్రమే ఆనేది. లివర్‌లో చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పితే లివర్ దగ్గరకి వస్తుంది. ఇప్పుడు రెండు వేళ్ళు పూర్తిగా చుట్టుకుంటున్నాయి. ఏటవాలు మట్టిదారిలో దిగేటప్పుడు నాలో ఉన్న భయం దీంతోనే చాలావరకు పోయింది. చేతులు చిన్నగా ఉన్న ప్రతి అమ్మాయీ ముందు ఇది చేయించుకోవాలి.

టైర్ల గాలి కూడా ఫిట్టింగ్‌లో భాగమే అని అక్కడే తెలిసింది. షాపులో 55 పీఎస్ఐ కొట్టి ఇచ్చారు. నా బరువు 58 కిలోలు, ట్యూబ్‌లెస్ టైరు. ముందు 28, వెనక 31కి దించాక చేతులకి తగిలే అదురు సగానికి తగ్గినట్టు అనిపించింది.

మే 24న మళ్ళీ ఫిట్టర్ దగ్గరికి వెళ్ళాను. తుంటి స్థిరంగా ఉంది, మంట లేదు, కుడి చేతి తిమ్మిరి పోయింది, ఎడమ చేతికి మాత్రం రెండు గంటల తర్వాత కొంచెం ఉంది. షూ చక్రానికి తగిలే బాధ అలాగే ఉంది. దానికి ఆయన చెప్పిన ఉపాయం క్రాంక్ 170 బదులు 165 వేయడం. పాదం అయిదు మిల్లీమీటర్లు వెనక్కి వస్తుంది, నా పొట్టి కాళ్ళకి మోకాలు పైకి వచ్చినప్పుడు తుంటి దగ్గర ఇరుకు కూడా తగ్గుతుంది. ఖర్చు చూసి వెనకాడాను, రూ. 8,500. చివరికి ఒప్పుకున్నాను. ఆర్డర్ పెట్టాక వచ్చేసరికి జూన్ ఆఖరు. క్రాంక్ పొట్టిదైతే పెడల్ కిందికి పోయే దూరమూ తగ్గుతుంది కాబట్టి సీటు 67 సెంటీమీటర్లకి పెంచాడు. షూ తగలడం తగ్గింది, పూర్తిగా పోలేదు. మలుపు మెల్లగా తిరిగేటప్పుడు ముందున్న పాదాన్ని వెనక్కి తెచ్చి ఆపడం అలవాటు చేసుకున్నాను. క్లీట్ షూలకి (అడుగున పెడల్‌కి బిగుసుకునే ముక్క ఉన్నవి) మారితే మళ్ళీ చూసుకోవాలి. క్లీట్ వెనక్కి బిగిస్తే షూ అంతమేరా ముందుకి వస్తుంది.

బండి ధర కాక ఫిట్టింగుకీ, సామానుకీ కలిపి ఖర్చు రూ. 24,900 అయింది. ఎమ్ మీద తగ్గిస్తామన్న అయిదు వేలు తలుచుకుని ఇంట్లో ఒకరిద్దరు నొసలు విరిచారు. నాకు మాత్రం ఒక్క రూపాయి కూడా వృథా అనిపించలేదు. అయితే క్రాంక్, హ్యాండిల్ రెండూ ఆర్డర్ పెట్టేటప్పుడే మార్చి ఇమ్మని గట్టిగా అడిగి ఉంటే ఎంతో కొంత తగ్గేది. బిల్లు కట్టకముందు షాపులో అడిగే మాటకి బరువుంటుంది, బేరం అప్పుడే ఆడండి.

జూలై రెండో వారంలో వికారాబాద్ వెళ్ళి అనంతగిరి అడవిలో మట్టిదారి మీద నాలుగు గంటలు తొక్కాను. వాన పడి ఎర్రమట్టి టైర్లకి ముద్దలుగా అంటుకుంది. సీటు సంగతి ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. ఎడమ చిటికెన వేలు మూడు గంటల తర్వాత తిమ్మిరెక్కింది. ఫిట్టర్‌కి ఫోన్లో చెబితే, ఎడమ లివర్ హ్యాండిల్ మీద కొంచెం లోపలికి తిప్పి చూద్దామన్నాడు. ఎడమ కాలికి ఇచ్చిన వ్యాయామాలు సెప్టెంబర్ దాకా చేయమన్నాడు, అప్పటికి నడుం ఇంకాస్త వంగితే స్టెమ్ కింద ఉన్న స్పేసర్లలో (ఎత్తు కోసం పెట్టే రింగుల్లో) ఒకటి తీసి పైకి వేస్తాడు. మొన్న సర్వీసుకి ఇచ్చినప్పుడు అక్కడి మెకానిక్ తమ్ముడు, "అక్కా, పైన గొట్టం మిగిలిపోయింది, కోసేయనా?" అని అడిగాడు. వద్దని చెప్పి, మాస్కింగ్ టేపు మీద "కోయవద్దు" అని రాసి స్టెమ్ పైన అంటించి వచ్చాను.